ఒత్తు ఊదేవాడు

జూలై 8, సోమవారం

మునిప్రసాద్ పోయాడు.

పొద్దున్నే నగరి నుంచి ఫోన్. వసంతమ్మ ఎత్తింది. "అన్నా" అని ఒక్క మాట అని గోడకు ఆనుకుని కూలబడింది. ఫోన్ నేను అందుకుని విన్నాను. గుండె ఆగిందట. సరే, ఎవరిదైనా ఒకనాడు ఆగేదే.

నాకేం బాధ లేదు. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఉన్నమాటే రాస్తున్నాను. మనిషి పోతే అయ్యో అనాలి, అన్నాను, అయిపోయింది. వసంతమ్మకు తోడబుట్టిన అన్న. నాకు మాత్రం నాదస్వరం మునిప్రసాద్, అంతే. బావా అని పిలవడం చిత్తూరు పెళ్లిలోనే మానేశాను. ఇప్పుడు పోయాడని కొత్తగా మొదలుపెట్టను.

డోలు చిన్నబ్బ సత్యవేడులో పోయి నెల కూడా కాలేదు. మా మేళంలో ఇక మిగిలింది నేనొక్కడినే. మా మేళం అని రాశాను. కొట్టేయాలి.

జూలై 9

వెళ్లొచ్చాను. వసంతమ్మ కోసం వెళ్లాను.

ఆషాఢం కదా, ముహూర్తాల్లేవు. మేళగాళ్లందరూ ఖాళీ. పుత్తూరు నుంచి, అటు తిరుత్తణి నుంచి కూడా వచ్చారు. అదృష్టవంతుడు. శ్రావణంలో పోయుంటే మోయడానికి నలుగురు దొరికేవాళ్లు కాదు.

వీధి మొదట్లో టీ అంగడి దగ్గర నిలబడ్డాను. ఎవరో చూశారు.

"ఏం రాజారత్నం, ఈడే నిలబడినావు? లోపలికి రాప్పా, కడసారి మొగం సూసుకో."

"మోకాళ్లు నొప్పి. మెట్లు ఎక్కలేను."

ఆ ఇంటికి మెట్లే లేవు. అతనికీ తెలుసు.

ముందు పలక డప్పులు కొట్టుకుంటూ తీసుకెళ్లారు. మా మేళాలు చావుకు వాయించవు, మంగళవాద్యం కదా. బతుకంతా ఊళ్లో వాళ్ల పెళ్లిళ్లకు ఊదినవాడు తన ఊరేగింపులో సన్నాయి లేకుండా పోయాడు. వెనకాల అంతమంది విద్వాంసులు చేతులు కట్టుకుని నడిచారు. నాకు నవ్వొచ్చింది. నవ్వే అనుకుంటాను.

జూలై 13

వసంతమ్మ నగరిలోనే ఉంది. పప్పు మాడింది. తిన్నాను.

జూలై 15

రాయడానికి ఏమీ లేదు.

జూలై 20, శనివారం

దినాలు అయ్యాయి. మునిప్రసాద్ కొడుకు ధనశేఖర్ వాళ్ల అత్తను, అదే వసంతమ్మను, తీసుకొచ్చి దింపాడు. గుండు మీద ఇప్పుడిప్పుడే వెంట్రుకలు వస్తున్నాయి. అచ్చం వాళ్ల నాయన మొహం. చూడబుద్ధి కాలేదు.

కాఫీ తాగి కరపత్రం తీసి నా చేతిలో పెట్టాడు. ఆగస్టు మూడున తిరుపతిలోనే, కల్యాణ మండపంలో సభ. ‘నాదస్వర విద్వాన్ మునిప్రసాద్, డోలు విద్వాన్ చిన్నబ్బ గార్లకు నాదనివాళి.’ శ్రావణం వస్తే ఎవరికీ తీరదు కాబట్టి ముందే పెట్టుకున్నారట. కింద ముఖ్య అతిథులు, ఆత్మీయ అతిథులు, గౌరవ అతిథులు. ఇంతమంది అతిథులు ఆ ఇద్దరి కచేరీ ఏనాడైనా కూర్చుని విన్నారా అని అడగాలనిపించింది. కరపత్రం రెండువైపులా చూశాను. నా పేరు లేదు. ఉండాలని నేనేమీ అనుకోలేదు.

"మామా, నాయన పాత నాదస్వరం నేనే వాయిస్తా ఆ దినం. పాటలతోనే దండం పెట్టాల గదా వాళ్లకి. నీతో ఒక పని ఉండాది."

నేను నిటారుగా కూర్చున్నాను. ఆ మాట ఒప్పుకుంటాను.

"నీ ఒత్తు ఉండాది గదా మామా. చిన్నబ్బ డోలూ, నీ ఒత్తూ పటాల ముందర పెట్టి పూలదండ ఏస్తాము. సూసేదానికి బాగుంటాది."

"నేనింగా సావలేదు గదరా."

"అయ్యో, అట్ల గాదు మామా..."

"బతికుండేవాడి దానికి పూలు ఏమిటికిరా? అయినా యాడుండాది అది? ఎప్పుడో సెదలు పట్టింటే పారేసినా."

వసంతమ్మ తలెత్తి అటక వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

ఊదమని అడగలేదు. అడిగినా ఊదేవాణ్ణి కాదు. అయినా అడగలేదు.

జూలై 21

నిద్ర పట్టలేదు. కాఫీ ఎక్కువైంది.

మేళం మానేశాక కాలేజీలో అటెండరుగా ఉన్నప్పుడు లెక్చరర్లు అడిగేవాళ్లు, నువ్వేం వాయించేవాడివి రాజారత్నం అని. ఒత్తు అంటే ఒక్కడికీ తెలియదు. నాదస్వరం లాగే ఉంటుంది సార్, వేళ్లు ఆడించే పని లేదు, ఒకే స్వరం, నాదస్వరం వెనకాల శ్రుతి పట్టుకుని ఊదుతూ ఉండాలి అని చెప్పేవాణ్ణి. ఒకే స్వరమా, అంతేనా అనేవాళ్లు. అంతే సార్. ముక్కుతో పీల్చుకుంటూ, బుగ్గల్లో గాలి దాచుకుంటూ, తెగకుండా ఊదాలి. ఊరేగింపు ఊరు చుట్టి వచ్చేదాకా అంతే.

ఒత్తుకు ఒక పద్ధతి ఉంది. అందరికంటే ముందు మొదలుపెట్టాలి, అందరూ ఆపాక ఆపాలి. నేను కళ్లు మూసుకుని ఊదేవాణ్ణి. వాయించడం అయిపోగానే మునిప్రసాద్ నాదస్వరం కొసతో నా మోకాలి మీద ఒక్క తట్టు తట్టేవాడు. అప్పుడు ఆపేవాణ్ణి. తట్టనంతవరకూ ఆపేది లేదు. ఒకసారి శ్రీకాళహస్తిలో ఎవరో పలకరిస్తే మాటల్లో పడి తట్టడం మరిచిపోయాడు. అందరూ భోజనాలకు లేచారు. నేను ఊదుతూనే ఉన్నాను. చిన్నబ్బ కడుపు పట్టుకుని నవ్వాడు.

ఆ చిత్తూరు పెళ్లి. వ్యాపారస్తుల ఇల్లు, మండపం నిండా జనం. నేను కూర్చునే చోట ఒక చిన్న పెట్టె, దాని మీద పట్టుగుడ్డ. కరెంటు శ్రుతి పెట్టె. మీట నొక్కితే మోగుతుంది. దానికి ఊపిరి అక్కర్లేదు, వక్కాకు అక్కర్లేదు, పక్కన జాగా అక్కర్లేదు.

"రాజారత్నం, ఇంగ నువ్వు తాళం ఎయ్యి. శ్రుతికి ఇది ఉండాది."

పదిమంది ముందర అన్నాడు. రాత్రి ఇంట్లో చెప్పొచ్చు కదా. వచ్చేటప్పుడు బస్సులో చెప్పొచ్చు కదా, పక్కనే కూర్చున్నాడు. చిన్నబ్బ తలొంచుకుని డోలు వార్లు బిగించడం మొదలుపెట్టాడు. బిగించినవే మళ్లీ బిగించాడు. ఫొటోగ్రాఫర్ నన్ను కాస్త పక్కకు జరగమన్నాడు.

తాళాలు అక్కడే పెట్టి వచ్చేశాను. బయట చెప్పులు వెతుక్కుంటుంటే గట్టిమేళం మోగింది. శ్రుతి ఏమీ తగ్గలేదు. అదే నాకు ఎక్కువగా మండింది.

జూలై 24

వసంతమ్మ నాతో మాట్లాడ్డం లేదు. అన్నం పెడుతుంది, పక్క వేస్తుంది, మాట్లాడదు. ఈరోజు నేనే కదిలించాను. కరపత్రం దేవుడి పటం దగ్గర పెట్టావేం, అక్కడేనా పెట్టేది అన్నాను. అంతే, పొయ్యి ఆపి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"మా అన్న మింద కోపం నీది. పుట్టిల్లు పోయింది నాకి. ఇన్నేండ్లూ పెండ్లిండ్లకి పరాయిదాని మాదిరి పోయి, అక్షింతలేసి, మళ్ల బస్సుకి వచ్చేసినా. మా అన్న ఈ ఇంట్లో ఒక ముద్ద తినలా. నువ్వు మానంగా ఉండావు, వాడు మానంగా పోయినాడు. నడమ నేనేం పాపం చేసినా?"

"నేను పోవద్దన్నానా ఎప్పుడైనా?"

"అనలా. నేను పోయొచ్చిన దినం నువ్వు అన్నం తినలా. అది అన్నట్టు గాదా?"

ఆమె ఏడవలేదు. ఏడ్చుంటే బాగుండేది.

జూలై 29, సోమవారం

నగరి వెళ్లాను. వసంతమ్మకు చీర కొందామని. మగ్గాల దగ్గరైతే మంచివి దొరుకుతాయి.

తిరుత్తణి గుడి పండగ, ఆడికృత్తిక అని తెలియక బయల్దేరాను. బస్సంతా కావళ్లు, పసుపుబట్టలు, నిలబడే చోటు లేదు. తిరుత్తణి పోయేవాళ్లు పుత్తూరు నుంచే అరోహరా అని అరుస్తున్నారు. ఎవరి కావడో నా వీపుకు గుచ్చుకుంటూనే ఉంది.

ఎలాగూ వచ్చాను కదా అని మునిప్రసాద్ భార్య దేవకమ్మను చూశాను. బొట్టు లేని ఆమె మొహం ముందు నేను గుర్తుపట్టలేదు. ఆమె నన్ను గుర్తుపట్టింది.

"రా అన్నా. మెట్లు లేవు, రా."

ఎవరో చేరేసినట్టున్నారు. కూర్చున్నాను. మజ్జిగ ఇచ్చింది. గోడకు ఆ పాత నాదస్వరం గుడ్డసంచిలో వేలాడుతోంది. నా ఒత్తూ, అదీ ఒకే మాను నుంచి తీసినవి. చేసిన ఆచారి రెండూ పక్కపక్కన ఊదించి, చెవితో సరిచూసి, వేడెక్కినా రెండూ కలిసే నడుస్తాయి అని చెప్పి ఇచ్చాడు.

"పెట్టె వచ్చినాక దాన్ని ఎత్తలేదన్నా ఆయన. ఒకటి రెండు తూర్లు సూసినాడు. ఊదేకొద్దీ మాను వేడెక్కి శ్రుతి పైకి పోతాది గదా, పెట్టె ఉండేకాడే ఉంటాది. అది దారి, ఇది దారి. పెదవితో అణచబోతే మాట వినలా. ఇంగ కొత్తది కొనుక్కున్నాడు."

"ఆ పెట్టె ఏమిటికి తెచ్చినాడమ్మా అసలు?" ఇన్నేళ్ల తర్వాత అడిగాను. ఆయన్ని అడగలేదు, ఆమెను అడిగాను.

"అందరూ పెట్టుకుంటా ఉండారు, నేనూ పెట్టుకుంటి అన్నాడన్నా. అంతకంటే ఏం లేదు."

అంతకంటే ఏం లేదట. నేను ఇన్నేళ్లు మోసింది అంతకంటే ఏమీ లేనిదాన్ని.

"నిన్ను తలుచుకోని ఏడ్చినాడని చెప్పనన్నా. అబద్ధం ఏమిటికి? తిట్టేవాడు. కచేరీ నుంచి వచ్చినప్పుడంతా తిట్టేవాడు. ‘ఈ పెట్టె మీట నొక్కితే నోరు మూసుకుంటాది. ఆ రాజారత్నం నాయాలు నేను తట్టేదాకా ఆపడు. పానం పోయినా ఆపడు, మొండోడు’ అని."

మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది. లేచేటప్పుడు, ఊరికే, ఒత్తుకు నోటి దగ్గర పెట్టుకునే పీక ఏమైనా పడి ఉందా అని అడిగాను.

"ఒత్తుకి సెదలు పట్టిందంటివంట?"

"అవును, సెదలే. పీక ఊరికే అడిగినా."

ఆమె లోపలికి పోయి రేకుడబ్బా తెచ్చింది. వెతికి ఒకటి తీసి ఇచ్చింది.

చీర కొనడం మరిచిపోయాను.

జూలై 31

వసంతమ్మ మార్కెట్టుకు పోయినప్పుడు అటక మీంచి దించాను. గుడ్డ పొరలు విప్పితే ఎలుకల వాసన. చెదలు లేవు. కింది రంధ్రాల్లో శ్రుతి కోసం పెట్టే మైనం ఎండి రాలిపోయింది, కొత్త మైనం పెట్టాను. పీక నానబెట్టాను. మిద్దె మీదికి పోయి ఊదాను.

ముందు గాలి మాత్రం వచ్చింది. తర్వాత గొర్రె అరుపు. తర్వాత కొంచెం పట్టింది. పట్టిన ఒక్క నిమిషానికే తెగింది. పక్కింటావిడ కిందనుంచి అరిచింది.

"ఎవరమ్మా కుక్కరు! ఆపండి, మాడిపోతాది!"

ఇదీ నా విద్వత్తు. నేనేమీ సభ కోసం సాధన చేయడం లేదు. ఉందో పోయిందో చూద్దామని, అంతే.

ఆగస్టు 1

చూశాను.

ఆగస్టు 2

మళ్లీ చూశాను. బుగ్గలు వాచాయి. వసంతమ్మ ఏమైందని అడగలేదు. రాత్రి గంజి మాత్రం పెట్టింది.

ఆగస్టు 3, శనివారం

సభ అయింది. ఈరోజే రాసేయాలి.

ఒత్తును సంచిలో పెట్టుకుని వెళ్లాను. ఇంట్లో ఉంచితే మళ్లీ ఎలుకలు కొడతాయని. వసంతమ్మ సంచి వైపు చూసి ఆటోలో పక్కకు జరిగి దానికి చోటిచ్చింది.

వేదిక మీద ఇద్దరివీ నిలువెత్తు పటాలు. మునిప్రసాద్ పటంలో వాడి చెవిపోగులు తీసేశారు, ఎందుకో. చిన్నబ్బ డోలుకు బంతిపూలు. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి ముందుగా వెళ్లాడు. చిన్నబ్బ వేణువు అద్భుతంగా వాయించేవారని చెప్పి వెళ్లాడు. ఎవరూ సరిదిద్దలేదు. శాలువాలు. ఆ శాలువాలు కప్పినవారికి మళ్లీ శాలువాలు. చచ్చినవాళ్ల సభలో బతికినవాళ్ల సన్మానం. నేను వెనక వరసలో స్తంభం పక్కన కూర్చున్నాను. వసంతమ్మ ముందు వరసలో దేవకమ్మ పక్కన.

చివరికి వాయించే వంతు వచ్చింది. ధనశేఖర్ వాళ్ల నాయన నాదస్వరం కళ్లకద్దుకుని, పెట్టె మీట నొక్కి, కాంభోజి రాగం ఎత్తుకున్నాడు. ఎత్తుకోవడం వాళ్ల నాయన ఎత్తుకున్నట్టే. కాసేపు బాగానే ఉంది. మాను వేడెక్కసాగింది. నాదస్వరం కొంచెం కొంచెంగా పైకి పోయింది, పెట్టె ఉన్నచోటే ఉంది. ముందు వరసలవాళ్లు తల ఊపుతూనే ఉన్నారు. మేళగాళ్లు మాత్రం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ధనశేఖర్ పెదవితో అణచబోయాడు. అది మాట వినలేదు. మధ్యలో ఆపేశాడు. చెమటలు తుడుచుకుని, పక్కనున్న కొత్త నాదస్వరం కోసం చెయ్యి చాచాడు.

నేను పక్కదారిన వేదిక ఎక్కాను. మెట్లున్నాయి. మోకాళ్లు ఏమీ అనలేదు.

"రేయ్, కొత్తది తాకినావంటే సంపుతా. ఆ పెట్టె ఆపు."

"మామా! సెదలు పట్టిందంటివే?"

"పట్టింది నాకిరా. ఆపు దాన్ని."

పెట్టె నోరు మూసుకుంది. ఒత్తువాడి జాగా వెనకాల కదా, అక్కడ పటాలూ పూలదండలూ ఉన్నాయి. ఆ పటాల వెనక్కే పోయి కూర్చున్నాను. జనానికి నేను కనబడను. ఫరవాలేదు, ఎప్పుడు కనబడ్డాను గనక. కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. ముందు నేను, తర్వాత వాడు.

ఎంతసేపో తెలియదు. నాదస్వరం వేడెక్కింది, ఒత్తు వేడెక్కింది. రెండూ పక్కపక్కనే పైకి జరిగాయి, ఆచారి చెప్పినట్టే. ఊపిరి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. పై షడ్జం దగ్గర మునిప్రసాద్ ఎప్పుడూ నిలబడిపోయేవాడు. అక్కడికి చేరాడు పిల్లవాడు. నిలబడ్డాడు. అక్కడే ఆపి, నాదస్వరం ఒళ్లో పెట్టుకుని ఏడ్చేశాడు.

జనం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. నేను ఊదుతూనే ఉన్నాను.

మైకు పట్టుకున్నాయన వందన సమర్పణ మొదలుపెట్టాడు. నేను ఊదుతూనే ఉన్నాను. "ఆ శ్రుతి పెట్టె ఎవరైనా ఆపండయ్యా!" అన్నాడు మైకులో. ఎవరో పరుగెత్తుకొచ్చి పెట్టె మీటలన్నీ నొక్కిన చప్పుడు వినబడింది. "ఆగడం లేదు సార్, వైరు పీకేస్తా" అన్నాడు. జనం నవ్వారు. నాకు అన్నీ వినబడుతున్నాయి. ఆపడం మాత్రం చేతకావడం లేదు. మొండితనం కాదు. ఎవరూ తట్టలేదు. చిత్తూరు పెళ్లి నుంచి ఇంతవరకూ నన్నెవరూ తట్టలేదు. తట్టేవాడు పటంలో ఉన్నాడు, నాకు వీపు చూపించి.

బుగ్గల మీద తడి. నవ్వు కాదు, ఏడుపే. ఏడ్చాను. వాడి కోసమే ఏడ్చాను. ఇంకేం రాయాలి.

ఎవరో పక్కన కూర్చున్నారు. చీర గరగర. మోకాలి మీద ఒక్క తట్టు.

"ఇంగ సాలు. అన్న పోయినాడు. ఆపు."

ఆపాను.

ఆగస్టు 4, ఆదివారం

పేపర్లో వచ్చింది, మూడో పేజీలో. వసంతమ్మ కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివింది. నాద దిగ్గజాలకు ఘన నివాళి. అతిథులందరి పేర్లూ ఉన్నాయి, ఎవరి చేత ఎవరికి శాలువా పడిందో వరసగా ఉంది. చివర్లో ఒక వాక్యం. ‘శ్రుతి పెట్టె మొరాయించి ఆగకుండా మోగడంతో కార్యక్రమానికి కొంతసేపు అంతరాయం కలిగింది.’

ఆ వాక్యం దగ్గర ఆగింది. మళ్లీ చదివింది. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. భుజాలు ఊగేలా నవ్వుతోంది.

"మా అన్న ఉండింటే దొర్లి దొర్లి నవ్వుండు" అంది. తర్వాత ఏడ్చింది.

ఒత్తును అటక మీద పెట్టబోతే వద్దంది. గోడకు మేకు కొట్టమంది. కొట్టాను. కొట్టేటప్పుడు సుత్తి వేలి మీద పడింది, గోరు నల్లబడింది. అయినా రాస్తున్నాను.

చూసుకో బావా. నీ పెట్టె దెబ్బకు నేను మేళం విడిచిపెట్టాను. ఇన్నేళ్లకు వచ్చి ఊపిరంతా పెట్టి ఊదితే నన్నే పెట్టె అన్నారు.